బెంగళూరు ఎండ, విటమిన్ డి: నీడను కొలిచి ఎండలో నిలబడే పద్ధతి

బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్లకు ఎండ గురించి రెండు వైపుల నుంచి సలహాలు అందుతుంటాయి. ఊరి నుంచి ఫోన్ చేసిన అమ్మ "పొద్దున్నే నీరెండలో కాసేపు కూర్చో, డి విటమిన్ వస్తుంది" అంటుంది. చర్మం డాక్టరు "సన్‌స్క్రీన్ లేకుండా గడప దాటొద్దు" అంటారు. రెండూ తు.చ. తప్పకుండా పాటించేవాళ్లున్నారు. ఆరున్నరకు అపార్ట్‌మెంటు చుట్టూ నాలుగు రౌండ్లు నడుస్తారు, తొమ్మిదికి సన్‌స్క్రీన్ రాసుకుని క్యాబ్ ఎక్కుతారు, చీకటి పడ్డాక ఇంటికొస్తారు. వాళ్ల రక్తపరీక్షలో విటమిన్ డి, 20 ఉండాల్సింది 9 అనో 11 అనో వస్తే ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. ఆ దినచర్యలో డి తయారుచేసే ఎండ దాదాపు లేనే లేదు.

అలాగని మధ్యాహ్నం గంటసేపు మండుటెండలో నిలబడమనీ కాదు. ఎండను వంటలో ఉప్పులా చూడాలి: ఏ ఎండ, ఎన్ని నిమిషాలు, ఒంట్లో ఏ భాగానికి అన్నవి మూడూ కొలిచి వేసుకోవాలి. ఆ కొలత కోసం పరికరాలేవీ అక్కర్లేదు. మీ నీడ చాలు.

ముందుగా: నీరెండలో డి ఎందుకు రాదు

ఎండలో మనకు కనిపించని అతినీలలోహిత కిరణాలు రెండు రకాలుగా నేలను చేరతాయి. యూవీఏ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉంటుంది, చర్మం లోపలి పొరల దాకా దిగుతుంది, ముడతలూ మచ్చలూ దాని పని. యూవీబీ చర్మం పైపొరల్లోనే ఆగుతుంది. చర్మాన్ని కాల్చేది అదే, విటమిన్ డి ఇచ్చేదీ అదే. చర్మంలో 7-డీహైడ్రోకొలెస్ట్రాల్ అనే కొవ్వు పదార్థం ఉంటుంది. సుమారు 290 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉన్న యూవీబీ తగిలినప్పుడు అది ప్రీవిటమిన్ డిగా మారుతుంది, తర్వాత ఒంటి వేడికి కొన్ని గంటల్లో డి3 అవుతుంది. అక్కణ్ణుంచి కాలేయంలో ఒక మార్పు, మూత్రపిండాల్లో మరో మార్పు జరిగాకే అది పనిచేసే రూపానికి వస్తుంది.

సూర్యుడు దిగంతం దగ్గర ఉన్నప్పుడు కిరణాలు వాతావరణంలో ఏటవాలుగా, చాలా ఎక్కువ దూరం ప్రయాణించాలి. ఆ దారిలో ఓజోను పొర యూవీబీని దాదాపు మింగేస్తుంది. వెలుగూ, కాస్త వెచ్చదనమూ, కొంత యూవీఏ మాత్రం మిగులుతాయి. నీరెండ హాయి నిజమే, నిద్రకూ మనసుకూ పొద్దుటి వెలుగు మంచిదే. డి కోసం మాత్రం అది పనికిరాదు.

ఇందుకు మనకు బాగా దగ్గరి రుజువు తిరుపతిలో ఉంది. యూవీబీని లోపలికి రానిచ్చే గాజు గొట్టాల్లో ఆ 7-డీహైడ్రోకొలెస్ట్రాల్‌నే పోసి, రోజంతా వేర్వేరు గంటల్లో ఎండలో పెట్టి, ఎంత మారిందో కొలిచిన పరిశోధన 2013లో వచ్చింది. ఏడాది పొడవునా మార్పు ఎక్కువగా జరిగింది పగలు 11 నుంచి 2 మధ్యలోనే. తిరుపతి, చెన్నై, బెంగళూరు మూడూ ఇంచుమించు 13 డిగ్రీల అక్షాంశం మీదే ఉన్నాయి కాబట్టి ఆ ఫలితం మనకూ వర్తిస్తుంది.

మొదటి పని: నీడను అడుగులతో కొలవడం

గడియారం కన్నా నీడ నమ్మకమైనది, ఎందుకంటే కాలం మారితే గంటలు మారతాయి, నీడ లెక్క మారదు. చదునైన చోట, ఎండకు వీపు పెట్టి నిలబడండి. నీడలో తల చివర ఎక్కడ పడిందో గుర్తు పెట్టుకోండి: ఒక గులకరాయో, టైల్ గీతో. చెప్పులు విప్పి, మీరు నిలబడిన చోటు నుంచి ఆ గుర్తు దాకా మడమకు బొటనవేలు తగిలేలా అడుగు ముందు అడుగు వేస్తూ లెక్కపెట్టండి. ఎవరి ఎత్తయినా వాళ్ల పాదానికి దాదాపు ఆరున్నర రెట్లు ఉంటుంది. అందుకే పొడుగువాళ్లకూ పొట్టివాళ్లకూ ఒకటే లెక్క.

పదమూడు అడుగులు వచ్చిందంటే నీడ మీకు రెట్టింపు ఉంది. ఆకాశం నిర్మలంగా ఉన్నా అప్పటి యూవీ సూచిక (ఎండలో అతినీలలోహిత కిరణాలు ఎంత తీవ్రంగా ఉన్నాయో చెప్పే అంకె) దాదాపు 2. ఆరున్నర వస్తే నీడ మీ ఎత్తుతో సమానం, సూచిక 5 నుంచి 6. మూడు, మూడుంపావు అడుగులే వస్తే నీడ మీలో సగం, సూచిక 9, 10 దగ్గర. నీడ కాళ్ల కిందే ముద్దగా పడితే 11 దాటుతుంది. డి కోసం నిలబడే ఎండ ఆరున్నర అడుగులకు లోపు నీడ ఉన్న ఎండ. అంతకన్నా పొడుగు నీడలో నిలబడటం కాలక్షేపమే.

బెంగళూరులో మార్చి నుంచి సెప్టెంబరు దాకా ఆ సమయం రమారమి ఉదయం తొమ్మిదిన్నర నుంచి మధ్యాహ్నం మూడుంపావు వరకు. డిసెంబరులో అది పదిన్నర నుంచి రెండు వరకు కుదించుకుపోతుంది. ఇక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేది సరిగ్గా పన్నెండుకు కాదు, కాలాన్ని బట్టి పన్నెండు దాటినప్పటి నుంచి పన్నెండున్నర ప్రాంతం దాకా. చెన్నై మనకు తూర్పున ఉంది కాబట్టి అక్కడ అన్నీ పది నిమిషాలు ముందు జరుగుతాయి. ఏప్రిల్ 24 ప్రాంతంలోనూ, ఆగస్టు 18 ప్రాంతంలోనూ ఇక్కడ మధ్యాహ్నం నిలువు వస్తువుకు నీడే ఉండదు. పిల్లలకు చూపించదగ్గ విషయం. డాబా మీద ఒక స్టీలు గ్లాసు నిలబెడితే చుట్టూ నల్ల గీత కూడా కనబడదు. ఆ రోజుల్లో అదే కిరణం అంతే నిట్టనిలువుగా మీ నడినెత్తి మీద పడుతుందని గుర్తుంచుకోవాలి.

ఫోన్‌లో వాతావరణం చూపించే యాప్‌లో యూవీ సూచిక ఉంటుంది. దాన్నీ చూడండి. నీడ లెక్క మబ్బులేని ఆకాశానికి మాత్రమే. పల్చటి మబ్బు యూవీని పెద్దగా ఆపదు, జూలైలో కమ్ముకునే దట్టమైన మబ్బు బాగా ఆపుతుంది. మబ్బు పట్టినప్పుడు యాప్ చెప్పే అంకెనే తీసుకోండి.

చల్లగాలిని నమ్మొద్దు

చెన్నైలో వేడి, ఉక్క మనిషిని నీడలోకి తరిమేస్తాయి. బెంగళూరులో ఆ హెచ్చరిక లేదు, ఈ ఊళ్లో ప్రత్యేకమైన చిక్కు ఇదే. ఈ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే యూవీ దాదాపు 10 శాతం పెరుగుతుంది. అంటే 26 డిగ్రీల పిల్లగాలిలో, స్వెట్టర్ వేసుకుందామా అనిపించే జనవరి మధ్యాహ్నం కూడా సూచిక 8 ఉండొచ్చు. వేడిని మోసుకొచ్చేది వేరే కిరణాలు, చర్మాన్ని కాల్చేది వేరే కిరణాలు. కాబట్టి ఒంటికి తగిలే వెచ్చదనాన్ని బట్టి ఎండ ఎంతో నిర్ణయించుకోకండి. లాల్‌బాగ్ రాతిగుట్ట మీద ఆదివారం పదకొండింటికి చల్లగా ఉందని గంటన్నర కూర్చుంటే, సాయంత్రానికి మెడ వెనుక మంట మొదలవుతుంది.

రెండో పని: నిమిషాలు లెక్కకట్టడం

ఒక సులువైన లెక్క ఉంది. మీ చర్మపు రంగుకు ఒక అంకె అనుకోండి: పచ్చని ఛాయ అయితే 100, చామనఛాయ అయితే 150, నలుపు అయితే 200. ఆ అంకెను అప్పటి యూవీ సూచికతో భాగిస్తే వచ్చేవే నిమిషాలు. చామనఛాయ మనిషి సూచిక 10 ఉన్నప్పుడు 15 నిమిషాలు, 6 ఉన్నప్పుడు 25 నిమిషాలు నిలబడాలి. అమ్మ చెప్పిన ఏడింటి నీరెండలో సూచిక అర దాకా ఉంటుంది. అదే లెక్కన ఐదు గంటలు! పైగా నీరెండలో యూవీబీ వాటా ఇంకా తక్కువ, ఆ ఐదు గంటలూ కూర్చున్నా లెక్క తేలదు.

ఈ అంకెలు చర్మం ఎర్రబడే మోతాదులో దాదాపు మూడో వంతు ఉండేలా కట్టినవి. ఇవి అంచనాలే, మందు చీటీ కాదు. మొదటి వారం వచ్చిన నిమిషాల్లో సగంతో మొదలుపెట్టి, మర్నాడు చర్మం ఎర్రబడటం, చురచురలాడటం, నల్లగా కమలడం లేకపోతేనే పూర్తి లెక్కకు వెళ్లండి. నల్లని చర్మం మీద ఎరుపు కంటికి కనబడదు, అలాంటివాళ్లు చేత్తో తాకి చూసుకోవాలి. స్నానంలో గోరువెచ్చని నీళ్లు కూడా మంటగా అనిపిస్తే మోతాదు మించినట్టే.

రంగునిచ్చే మెలనిన్ ఎక్కువున్న చర్మానికి ఎక్కువ సమయం కావాలన్నది చాలామంది మరిచిపోయే విషయం. తెల్లతోలు దేశాల వెబ్‌సైట్లలో "వారానికి రెండుసార్లు పది నిమిషాలు చాలు" అని రాసింది చదివి అదే పాటిస్తే మనకు సరిపోదు. మరోవైపు, రెండింతలు నిలబడితే రెండింతల డి వస్తుందన్నదీ తప్పే. కొంతసేపటికి చర్మంలో తయారైన ప్రీవిటమిన్‌ను అదే ఎండ పనికిరాని వేరే పదార్థాలుగా విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. ఎండవల్ల విటమిన్ డి విషమై ఎవరికీ ఎక్కకపోవడానికి కారణం ఇదే. అందుకే వారమంతా ఏసీలో ఉండి ఆదివారం మూడు గంటలు ఎండలో పడుకుంటే లాభం ఉండదు. ఆ మూడు గంటల్లో మొదటి పాతిక నిమిషాలు డికి, మిగతాదంతా చర్మం పాడవడానికి.

వారానికి నాలుగు రోజులు చాలు. రక్తంలో నిల్వ ఉండే రూపం సగానికి తగ్గడానికి రెండు మూడు వారాలు పడుతుంది. కాబట్టి ఒకటి రెండు రోజులు తప్పినా కంగారు లేదు, తప్పిన రోజు వాటాను మర్నాటికి కలపొద్దు.

మూడో పని: ముఖం కప్పి, చేతులూ కాళ్లూ తెరవడం

ఎండ, సన్‌స్క్రీన్ మధ్య తగవు ఇక్కడే తీరిపోతుంది. ముఖం మొత్తం ఒంట్లో నాలుగైదు శాతం ఉంటుందేమో. డి తయారీలో దాని వాటా అంతే. మచ్చలు, మంగు, ముడతలు, కంటి చుట్టూ నలుపు మాత్రం ముందుగా అక్కడే వస్తాయి. కాబట్టి ముఖానికి, మెడకు, చెవులకు సన్‌స్క్రీన్ రాసే ఉంచండి. టోపీ పెట్టుకోండి. మోచేతుల పైదాకా చేతులు, మోకాళ్ల కిందనుంచి పాదాల దాకా కాళ్లు ఎండకు ఇవ్వండి. లెక్క వేసిన నిమిషాలు సగం అయ్యాక అటు తిరగండి, లేకపోతే ముంజేతుల పైభాగం మాత్రమే కాలి లోపలి వైపు ఉత్తగా ఉండిపోతుంది. వీపు తెరిచే వీలున్నవాళ్లు తెరిస్తే ఇంకా మంచిది, అది పెద్ద పలక.

చీరకట్టులో ఉన్నవాళ్లకు చేతులు, నడుము తెరుచుకునే ఉంటాయి, పాదాలు కూడా. ఫుల్ హ్యాండ్స్ చొక్కా, ప్యాంటు, బూట్లతో వెళ్తే తెరిచింది అరచేతుల వెనుకభాగం మాత్రమే. అప్పుడు నిమిషాలు నాలుగింతలు పెంచి సరిపెట్టాలని చూడొద్దు, ఆ చిన్న చోటు మాడిపోతుంది. బురఖా, పూర్తి కప్పు దుస్తులు వేసుకునేవాళ్లు, తెరిచే వీలు ఏ రకంగానూ లేనివాళ్లు ఎండ మీద ఆధారపడకుండా మాత్రల దారి పట్టడమే సరైనది. అందులో చిన్నతనమేమీ లేదు.

నిమిషాలు అయిపోగానే చొక్కా చేతులు దించేయండి, లేదా నీడకు వెళ్లిపోండి. ఫోన్‌లో టైమర్ పెట్టుకోవడం మరవొద్దు. కబుర్లలో పడితే పదిహేను నిమిషాలు ఎప్పుడు నలభై అయ్యాయో తెలియదు.

ఎక్కడ నిలబడాలి

బాల్కనీల విషయంలో చాలామంది మోసపోతారు. పైఅంతస్తు స్లాబు మీ నెత్తిమీద గొడుగులా ఉంటుంది. సూర్యుడు బాగా పైకి వచ్చిన వేళ, అంటే యూవీబీ ఉన్న వేళ, ఎండ బాల్కనీ పిట్టగోడ దగ్గర ఒక జానెడు పట్టీగా మాత్రమే పడుతుంది. లోపలిదాకా ఎండ వచ్చే వేళ సూర్యుడు కింద ఉంటాడు, అప్పుడు డి లేదు. దక్షిణం వైపు బాల్కనీ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పనికొస్తుంది. ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు నడిమి దాకా ఇక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపుకు వాలి ఉంటాడు, ఆ నెలల్లో దక్షిణ బాల్కనీలో మధ్యాహ్నం ఎండే రాదు.

అందుకని డాబాయే మేలు. చాలా అపార్ట్‌మెంట్లలో దానికి తాళం ఉంటుంది, అసోసియేషన్‌ను అడిగి బట్టలు ఆరేసే వేళల్లో తెరిపించుకోవచ్చు. అదీ కుదరకపోతే పిల్లలు ఆడుకునే చోటు, పార్కింగ్ పక్క నడకదారి ఏదైనా సరే, ఆకాశం విశాలంగా కనబడాలి. యూవీబీలో పెద్ద వాటా సూర్యుణ్ణుంచి నేరుగా కాక ఆకాశం నలుమూలల నుంచీ చెదిరి వస్తుంది. రెండు టవర్ల మధ్య సందులో ఎండపొడ పడినా డి తక్కువ రావడానికి కారణం అదే. కబ్బన్ పార్కు చెట్ల కింద నడక ఊపిరితిత్తులకు మంచిది, డి లెక్కలోకి అంతగా రాదు.

ఆఫీసుకు వెళ్లేవాళ్లకు భోజనం వేళే బంగారం. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు పనిచేసేవాళ్లు క్యాంటీన్‌లో గాజు గోడ పక్కన కూర్చునే బదులు చేతులు మడిచి రోడ్డు దాటి ఆంధ్రా మెస్ దాకా నడిస్తే రానూపోనూ పదిహేను నిమిషాలు. దర్శినిల ముందు నిలబడి తినే బల్లల్లో ఎండలో ఉన్నది ఎంచుకున్నా సరే. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం వడదెబ్బ భయం ఉన్న పెద్దవాళ్లు తొమ్మిదిన్నర, పది మధ్య నిలబడాలి. నీడ ఆరు అడుగులుంటుంది, పాతిక నిమిషాలు పడుతుంది, ఒళ్లు మాత్రం ఉడకదు. రాత్రి షిఫ్టులు చేసి పదకొండింటికి లేచేవాళ్లకు నిజానికి ఇది అందరికన్నా సులువు. లేచి కాఫీ కప్పుతో డాబా ఎక్కడమే.

గాజు వెనుక ఎండ

కిటికీ గాజు యూవీబీని ఆపేసి, యూవీఏను చాలావరకు వదిలేస్తుంది. అంటే లాభం ఆగిపోతుంది, నష్టం లోపలికొస్తుంది. కారు నడిపేవాళ్లు దీన్ని తమ ఒంటి మీదే చూసుకోవచ్చు. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య పొరతో చేసింది, యూవీఏను కూడా బాగానే ఆపుతుంది. పక్క అద్దంలో ఆ పొర మామూలుగా ఉండదు. సిల్క్‌బోర్డు, హెబ్బాళ ట్రాఫిక్‌లో ఏళ్లతరబడి నడిపినవాళ్లు రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూస్తే, కిటికీ వైపున్న కుడి ముంజేయి ఎడమదానికన్నా ఒక ఛాయ నలుపుగా, మరకలు మరకలుగా ఉంటుంది. ఆ నలుపు చూసి "నాకు రోజూ ఎండ తగులుతూనే ఉంది" అనుకుంటే పొరపాటు. కారులో ఉన్నంతసేపు కుడిచేతికి సన్‌స్క్రీనో, పొడుగు చేతి తొడుగో ఉండాలి. కిటికీ పక్క సీటులో పనిచేసేవాళ్లకూ ఇదే.

మిగతా పగలంతా: కాపుదల

మీ వాటా నిమిషాలు అయ్యాక, సూచిక 3 దాటి ఉన్నంతసేపు కాపాడుకోవడమే పని. బట్ట, టోపీ, గొడుగు ముందు, సన్‌స్క్రీన్ వాటి తర్వాతే. బట్టను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి, అవతలి బొమ్మ కనబడుతుంటే ఆ బట్ట యూవీని కూడా వదులుతుంది. ముదురు రంగు, దగ్గర నేత మేలు. పల్చటి తెల్ల కాటన్ చెమటకు తడిస్తే కాపుదల ఇంకా తగ్గుతుంది. బండి మీద వెళ్లేవాళ్లకు చేతి తొడుగులు, మెడ వెనుక కప్పే చున్నీ అవసరం. హెల్మెట్ కింద మెడ వెనుకభాగం రోజూ కాలే చోటు.

సన్‌స్క్రీన్‌లో ఎస్‌పీఎఫ్ 30 సరిగ్గా రాస్తే యూవీబీలో 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98. ఆ ఒక్క శాతం కోసం డబ్బు పోసేకన్నా రాసే మోతాదు సరిచూసుకోవడం మంచిది. పరీక్షల్లో ఆ అంకె వచ్చేది చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు రాస్తే. మనం రాసేది మామూలుగా అందులో సగమో, ఇంకా తక్కువో. కొలత కోసం చూపుడువేలు, మధ్యవేలు చాపి, మొదలు నుంచి చివర దాకా రెండు గీతలుగా పిండండి. ముఖానికీ మెడకూ అంత కావాలి. మొదటిసారి చూస్తే ఇంతా అనిపిస్తుంది, ముఖం తెల్లబడుతుంది. సగం రాసి రెండు నిమిషాలు ఆగి మిగతా సగం రాస్తే ఇంకిపోతుంది. బయటికి వెళ్లే పావుగంట ముందు రాయాలి, ఎండలోనే ఉంటే రెండు గంటలకోసారి, చెమటపట్టి తుడుచుకుంటే వెంటనే మళ్లీ. యూవీఏ కోసం ట్యూబు మీద పీఏ అన్న అక్షరాల పక్కన ప్లస్‌లు చూడండి, మూడో నాలుగో ఉండాలి. మంగు ఉన్నవాళ్లకు మామూలు వెలుతురు కూడా మచ్చను పెంచుతుంది, వాళ్లు ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగు సన్‌స్క్రీన్ వాడాలి. కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసిన ట్యూబు వేడికి విరిగిపోతుంది, పిండితే నీళ్లు ముందు వస్తే పారేయండి.

సన్‌స్క్రీన్ వల్లే డి తగ్గిందని దాన్ని మానేసేవాళ్లున్నారు. జనం రాసుకునే పల్చటి పూత డిని పూర్తిగా ఆపలేదు. ఇళ్లల్లో, ఆఫీసుల్లో పగలంతా ఉండిపోవడమే పెద్ద కారణం.

ఎవరు ఈ పద్ధతి పాటించకూడదు

లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు) ఉన్నవాళ్లు, చర్మ క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లు, పుట్టుకతో చర్మంలో రంగు లేనివాళ్లు ఎండ ద్వారా డి తెచ్చుకోవాలని చూడొద్దు. బొల్లి మచ్చల మీద కూడా కాపుదల లేని ఎండ పడనివ్వొద్దు. మొటిమలకు వాడే డాక్సీసైక్లిన్, ఐసోట్రెటినాయిన్, బీపీకి వాడే హైడ్రోక్లోరోథయాజైడ్ చర్మాన్ని ఎండకు సున్నితం చేస్తాయి. ఆ మందులు నడుస్తుంటే డాక్టరును అడిగాకే.

ఆరు నెలల్లోపు పసిబిడ్డలను నేరుగా ఎండలో పెట్టకండి. నూనె రాసి, ఒళ్లో వేసుకుని పొద్దుటెండ కాచడం మన ఇళ్లల్లో అలవాటు. ఆ ఎండ చాలా లేతదైతే పెద్ద హాని లేకపోయినా డి రాదు, ముదిరిందైతే బిడ్డ చర్మం తట్టుకోదు. తల్లిపాలలో డి తక్కువ. అందుకే పిల్లల డాక్టర్లు మొదటి ఏడాది రోజుకు 400 యూనిట్ల చుక్కలు రాస్తారు. చుక్కల మందుల్లో గాఢత వేర్వేరుగా ఉంటుంది, ఒకదానిలో 400 యూనిట్లకు ఒక మిల్లీలీటరు అయితే మరోదానిలో అర మిల్లీలీటరే కావొచ్చు. సీసా మారినప్పుడల్లా డ్రాపర్ కొలత మళ్లీ చదవాలి.

డెబ్భై దాటినవాళ్ల చర్మం యవ్వనంలో చేసినంత డి చేయలేదు. ఊబకాయం ఉన్నవాళ్లలో తయారైన డి కొవ్వులో దాక్కుంటుంది. కిడ్నీ, కాలేయ జబ్బులున్నవాళ్లకు, ఫిట్స్ మందు ఫెనిటాయిన్ వాడేవాళ్లకు ఎండ ఒక్కటే సరిపోదు.

పళ్లెంలో ఏముంది

ఆహారంతోనే డి పూర్తిగా రాదు. గుడ్డు పచ్చసొనలో 40 యూనిట్ల చుట్టూ ఉంటుంది. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దవాళ్లకు రోజుకు 600 యూనిట్లు అన్నాయి, రోజుకు పదిహేను గుడ్లు తినలేం కదా. కానాగంతలు, కవళ్లు లాంటి కొవ్వు చేపలు మంచివి. బెంగళూరు చేపల అంగళ్లలో కానాగంతలను బంగుడె అని అడగాలి. పాల ప్యాకెట్ మీద, నూనె ప్యాకెట్ మీద నీలిరంగు ప్లస్ ఎఫ్ గుర్తు ఉంటే విటమిన్ ఎ, డి కలిపారని అర్థం. అలాంటి పాలలో లీటరుకు 200 నుంచి 300 యూనిట్ల డి ఉంటుంది.

డి పని కాల్షియాన్ని పేగు నుంచి లోపలికి లాగడం. కాల్షియమే తినకపోతే డి ఎంతున్నా లాగడానికి ఏమీ ఉండదు. పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలి. వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాములున్నాయి. రాయలసీమ సంగటైనా, ఇక్కడి ముద్దయినా అదే పిండి. దానికి రెండు గ్లాసుల పాలో, పెరుగో తోడైతే లెక్క దాదాపు నిండుతుంది.

పరీక్ష, మాత్రలు, మళ్లీ పరీక్ష

ఆరోగ్యంగా ఉన్న ప్రతి ఒక్కరికీ పరీక్ష అక్కర్లేదు. ఎముకల్లో నొప్పి, మెట్లెక్కేటప్పుడూ కింద కూర్చుని లేచేటప్పుడూ తొడల్లో సత్తువ లేకపోవడం, పిల్లల కాళ్లు వంకర తిరగడం, చిన్న దెబ్బకే ఎముక విరగడం, పైన చెప్పిన జబ్బులు ఉంటే చేయించుకోవాలి. అడగాల్సింది 25-హైడ్రాక్సీ విటమిన్ డి. పరగడుపున ఉండక్కర్లేదు. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నవాళ్లు ల్యాబులో చెప్పాలి, కొన్ని రకాల యంత్రాల్లో దానివల్ల అంకె ఉన్నదానికన్నా ఎక్కువగా వస్తుంది.

రిపోర్టులో ముందు కొలమానం చూడండి. మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు అన్నా, లీటరుకు 50 నానోమోల్స్ అన్నా ఒకటే. నానోగ్రాముల లెక్కన 12 లోపు స్పష్టమైన లోపం, 12 నుంచి 20 చాలీచాలని స్థితి, 20 పైన చాలామందికి సరిపోతుంది. ల్యాబు కాగితం మీద 30 లోపు ఎర్ర అక్షరాల్లో వస్తుంది కాబట్టి 24 ఉన్నవాళ్లు కూడా హడలిపోతారు. ఆ హడావిడి అనవసరం, ఎండ, తిండి సరిచేసుకుంటే చాలు. 12 లోపు ఉంటే మాత్రం ఎండతో మొదలుపెట్టి నెలల తరబడి ఎదురుచూడకండి, డాక్టరు రాసే మందు కావాలి.

మన దగ్గర తరచూ రాసేది 60,000 యూనిట్ల పొట్లం లేదా క్యాప్సూల్, వారానికి ఒకటి, ఎనిమిది వారాలు. అసలు ప్రమాదం ఇక్కడే. దాన్ని రోజుకొకటి అనుకుని వేసుకునేవాళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. వారానికి 4,20,000 యూనిట్లు! ఎండ డికి ఒంట్లోనే అడ్డుకట్ట ఉంది, నోటి డికి లేదు. రక్తంలో కాల్షియం పెరిగి విపరీతమైన దాహం, వాంతులు, మలబద్ధకం, మాటిమాటికీ మూత్రం, చివరకు కిడ్నీ దెబ్బ. చీటీ మీద "వారానికి ఒకటి" అని తెలుగులో పెద్దగా రాయించుకోండి, వంటింటి క్యాలెండరులో ఆ ఎనిమిది ఆదివారాలకూ సున్నా చుట్టండి, వేసుకున్నాక సున్నాలో గీత పెట్టండి. పాలతోనో, నెయ్యి వేసుకున్న భోజనం తర్వాతో తీసుకుంటే బాగా ఒంటబడుతుంది, ఖాళీ కడుపున టీతో వద్దు. డాక్టరు చెప్పనిదే కోర్సును రెండోసారి మొదలుపెట్టొద్దు. ఎనిమిదో వారం అయ్యాక కూడా అలాగే కొనసాగించడం రెండో పెద్ద పొరపాటు.

మందు మొదలైన మూడు నెలలకు మళ్లీ పరీక్ష, వీలైతే అదే ల్యాబులో. ముందే చేయిస్తే అంకె స్థిరపడదు. 20 దాటి ఉంటే మందు ఆపి, వారానికి నాలుగు రోజుల ఎండ, అది వీలుకానివాళ్లు డాక్టరు చెప్పిన రోజువారీ చిన్న మోతాదు. పెరగకపోతే మోతాదు పెంచేముందు కారణం వెతకాలి: పొట్లాలు నిజంగా అన్నీ వేసుకున్నారా, జిడ్డు విరేచనాలు లాంటి పేగు జబ్బు ఉందా, బరువు ఎక్కువా. నవంబరు రాగానే మాత్రం నీడ మళ్లీ కొలిచి చూసుకోండి. సెప్టెంబరులో తొమ్మిదిన్నరకు ఆరు అడుగులున్న నీడ డిసెంబరు నడిమికి తొమ్మిది అడుగులకు సాగుతుంది, మీ ఎండ వేళను అప్పటికి గంట ఆలస్యంగా జరపాల్సిందే.